భయం వేసినప్పుడు నేనేం చేశాను, ఏం చెయ్యలేదు



పోయిన నెల సమావేశం అయిపోయాక అందరం బయట నిలబడి టీ తాగుతుంటే మన సభ్యుల్లో ఒకరు నన్ను పక్కకు పిలిచారు. వాళ్ళ అబ్బాయికి వచ్చే నెలలో ఆపరేషన్. "సార్, మీరు ప్రతి ఆదివారం చర్చికి పోతారు కదా. మీకు భయం వెయ్యదా? వేస్తే ఏం చేస్తారు?" అని అడిగారు. నేను వెంటనే, "దేవుడున్నాడు తమ్ముడూ, ఏం భయపడకు" అని భుజం తట్టి బస్సెక్కి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు. ఆఫీసులో ఎవరైనా కష్టం చెప్పుకోవడానికి వస్తే, "ఫైలు పైకి పంపించాం, రెండు వారాలాగి రండి" అని తప్పించుకునే గుమాస్తాలుంటారు. నేనూ అదే చేశానని తెలిసింది. ఆయన అనుమతి తీసుకుని, ఆ రోజు ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. మనలో గుడికి పోయేవాళ్ళున్నారు, మసీదుకు పోయేవాళ్ళున్నారు, ఎక్కడికీ పోనివాళ్ళూ ఉన్నారు. నాకు తెలిసింది నా దారే కాబట్టి దాని గురించే రాస్తాను. మతప్రచారం అనుకోకండి. ఇందులో నేను గొప్పగా చెప్పుకోవలసింది ఏమీ లేదని చదివాక మీకే తెలుస్తుంది.

ముందుగా నా తెలుగు గురించి ఒక మాట. నేను చదివినదంతా తమిళ మీడియం. బడిలో తెలుగు అక్షరం చూడలేదు. అమ్మ సాయంత్రం పూట లాంతరు దగ్గర కూర్చోబెట్టి తెలుగు బైబిలులోనే అక్షరాలు నేర్పింది. మా ఇంట్లో అదే పెద్దబాలశిక్ష. తమిళంలో ప, ఫ, బ, భ అన్నిటికీ ఒకే అక్షరం కదా. మొదట్లో నేను పలక మీద 'పయం' అని రాసేవాణ్ణి. అమ్మ నవ్వి, "ఒత్తు మానేస్తే భయం పోతుందట్రా?" అనేది. ఆ మాట ఇంతకాలం తర్వాత కూడా నా చెవిలో ఉంది. నా రాతలో ఎక్కడైనా ఒత్తు తప్పితే మన్నించండి.

ఇక ఉద్యోగం. సదరన్ రైల్వేలో సెటిల్‌మెంట్ సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. రిటైరైన వాళ్ళ లెక్కలు, సర్వీసులో ఉండగా చనిపోయిన వాళ్ళ పీఎఫ్, గ్రాట్యుటీ, భార్యకు ఫ్యామిలీ పెన్షన్, ఇదే పని. నా బల్ల ముందుకు వచ్చే ఆడవాళ్ళలో చాలామంది ఆఫీసు గడప తొక్కడం అదే మొదటిసారి. చేతిలో డెత్ సర్టిఫికెట్ జిరాక్సు, పక్కన బడి యూనిఫారంలో ఒక పిల్లవాడు. వాళ్ళ మొదటి ప్రశ్న డబ్బు ఎంత వస్తుందని కాదు. "అయ్యా, ఆయన కాగితాల్లో నా పేరుందా?" అని అడిగేవాళ్ళు. సర్వీసు రిజిస్టరు తిప్పి, నామినేషన్ ఫారంలో పేరు చూపించి, "ఇదిగో అమ్మా, ఉంది" అంటే, డబ్బు చేతికి రావడానికి ఇంకా నెలలు పడుతుందని తెలిసినా ఆ మొహంలో కొంత వెలుగు వచ్చేది. నమ్మకం అంటే ఏమిటో నాకు మొదట అర్థమైంది ఆ బల్ల దగ్గరే. కష్టం తీరలేదు. కానీ తన పేరు ఎక్కడో రాసి ఉంది, ఎవరో తనను ముందే తలచుకుని రాశారు అన్న సంగతి మనిషిని నిలబెడుతుంది.

ఇంత తెలిసినవాణ్ణి, నా వంతు వచ్చినప్పుడు ఏం చేశాను?

2020 ఏప్రిల్ మన ఊళ్ళో అందరికీ గుర్తుండే ఉంటుంది. డాక్టర్ సైమన్ హెర్క్యులిస్ అనే పేరున్న న్యూరోసర్జన్ కరోనాతో చనిపోయారు. పాతిపెట్టడానికి తీసుకుపోతే జనం అడ్డుపడ్డారు. అక్కణ్ణుంచి వేలంగాడు శ్మశానానికి తీసుకుపోతే అంబులెన్సు మీద రాళ్ళు, కర్రలు పడ్డాయి, డ్రైవర్లకు దెబ్బలు తగిలాయి. చివరికి ఆయన తోటి డాక్టరు ప్రదీప్ కుమార్ గారు తానే అంబులెన్సు నడుపుకుంటూ, ఇద్దరు వార్డుబాయిలను వెంటబెట్టుకుని, రాత్రివేళ పోలీసు కాపలాలో మట్టి కప్పి వచ్చారు. ఎందరి తలకాయలో బాగుచేసిన డాక్టరుకు ఆరడుగుల నేల దొరకడం అంత కష్టమైంది.

మన గ్రూపులో పాతవాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది, ఆ మర్నాడు నేను పెద్ద పోస్టు పెట్టాను. "వీళ్ళు మనుషులేనా" అని రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. నేనూ నా నీతికి నేనే మెచ్చుకున్నాను.

ఏడాది గడిచింది. 2021 మే. రెండో అల. మా చర్చిలో నాకు అన్నలాంటి ఆయన ఒకరుండేవారు. పెరంబూరు క్యారేజ్ వర్క్స్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. పాటలో అడుగు స్వరం ఆయనదే. ఆయన లేస్తే గాని మా పాట లేచేది కాదు. నా పెళ్ళికి చాపలు మోసిన మనిషి. కరోనాతో పోయారు. వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "అంకుల్, నలుగురైదుగురికే అనుమతి. నాన్నగారు ఉంటే మిమ్మల్నే పిలవమనేవారు. వస్తారా?"

నాకు ఒంట్లో ఏమీ లేదు. అయినా, "నాకూ రెండు రోజులుగా దగ్గుగా ఉంది నాయనా" అన్నాను. అబద్ధం. ఆ రెండు రోజుల ముందే జూమ్ ప్రార్థనలో తొంభై ఒకటో కీర్తన మీద వాక్యం చెప్పింది నేనే. తెగుళ్ళ మధ్య దేవుడు దాచి కాపాడతాడన్నది ఆ కీర్తన సారాంశం. చెప్పినప్పుడు గొంతు వణకలేదు. ఫోన్ వచ్చినప్పుడు వణికింది. ఆ రోజు పెట్టెకు భుజం పట్టినవాళ్ళలో ఒకడు మా వీధిలో ఆటో నడిపే ముస్లిం కుర్రవాడు. నేను మేడ మీద నుంచి చూస్తూ నిలబడ్డాను.

వేలంగాడులో రాయి విసిరినవాడికీ, మేడ మీద నిలబడిన నాకూ తేడా ఎంత? చాలా రాత్రులు ఆలోచించాను. వాడి భయం చేతిలో రాయి పెట్టింది. నా భయం నోట్లో అబద్ధం పెట్టింది. అంతే తేడా.

ఈ విషయం ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా సగమే చెప్పాను. చర్చిలో వదిన ఎదురైతే చెప్పుల కోసం వెతుకుతున్నట్టు తల దించుకునేవాణ్ణి.

2022లో నా గుండె సంగతి బయటపడింది. మెట్లెక్కుతుంటే ఆయాసం, ఎడమ చెయ్యి లాగడం. యాంజియోగ్రామ్ చేసి మూడు చోట్ల అడ్డం ఉందన్నారు. పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో బైపాస్‌కి తేదీ ఇచ్చారు. అదే ఆస్పత్రికి సర్వీసులో ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు, ఎప్పుడూ ఎవరినో చూడ్డానికే. ఇప్పుడు మంచం మీద పడుకుని పైన ఫ్యాను లెక్కపెడుతున్నాను. ఆపరేషన్‌కి ముందురోజు నాకు వేసిన భయం మామూలు భయం కాదు. నా ఫైలు నేనే మనసులో తయారు చేసుకున్నాను. గ్రాట్యుటీ ఎప్పుడో తీసుకున్నాం, ఫ్యామిలీ పెన్షన్ ఇంత వస్తుంది, జాయింట్ ఫోటో సరిగ్గా ఉందా లేదా. ప్రార్థన చెయ్యబోతే మాట రాలేదు. అన్న సమాధికి రానివాడికి దేవుణ్ణి అడిగే మొహం ఎక్కడిదని అనిపించింది.

సాయంత్రం చూసేవాళ్ళ సమయంలో తలుపు దగ్గర వదిన. చేతిలో స్టీలు టిఫిను క్యారియరు. రాగిజావ. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏమయ్యా, మొహం అలా పెట్టావు?" అంది. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. "ఆయన పోయిన దగ్గర్నుంచి ఆస్పత్రి వాసన తగిలితే నాకు కాళ్ళాడవు. కింద గేటు దగ్గరే అరగంట కూర్చున్నాను" అంది.

ఇక ఆగలేకపోయాను. "వదినా, ఆ రోజు నాకు దగ్గు లేదు" అన్నాను.

"తెలుసు. కోపం రాలేదని చెప్పను. ఏడాది పాటు నీ మీద కోపంగానే ఉన్నాను."

"మరి ఎందుకొచ్చావు?"

"ఆ రోజు మా దగ్గరికి మనిషి రాకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా. భయం పోయాక వద్దామనుకుంటే ఎప్పటికీ రాలేను. అందుకని భయంతోనే వచ్చాను. జావ తాగు, చల్లారిపోతుంది."

అంతే. వాక్యం చెప్పలేదు, పాట పాడలేదు. నేను జావ తాగాను. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి నిద్రపోయాను. ఆపరేషన్ బాగా జరిగింది. ఒకవేళ జరగకపోయినా ఆ రాత్రి నిద్ర నిద్రేనని నా నమ్మకం.

కోలుకునే రోజుల్లో బైబిలు మళ్ళీ కొత్తగా చదివాను. అమ్మ చూపించిన అక్షరాలే, కానీ ఇదివరకు కనబడనివి కనబడ్డాయి. దావీదు పెద్ద వీరుడని సండే స్కూల్లో నేనే నేర్పాను, గొల్యాతును పడగొట్టాడని. కానీ యాభై ఆరో కీర్తనలో, శత్రువుల చేతికి చిక్కినప్పుడు ఆయన తనకు భయం లేదని మొదలుపెట్టడు. భయం పుట్టే రోజున నిన్ను ఆశ్రయిస్తాను అనే భావం పలుకుతాడు. అంటే భయం వచ్చే రోజు ఉంటుందని ముందే ఒప్పుకున్నాడు. ఏలీయా అయితే కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం సాధించి, యెజెబెలు రాణి ఒక్క కబురు పంపేసరికి ప్రాణభయంతో పరుగెత్తాడు. అరణ్యంలో చెట్టుకింద పడుకుని, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. అప్పుడు దేవుడు ఆయనకు ఉపదేశం చెయ్యలేదు, తిట్టలేదు. దూతను పంపి రొట్టె, నీళ్ళు ఇప్పించాడు. తిని పడుకుంటే రెండోసారి లేపి మళ్ళీ తినిపించాడు. మాట్లాడింది తర్వాత. అది చదివి, నా దగ్గరికి వచ్చిన దూత స్టీలు క్యారియరు పట్టుకుని వచ్చింది కదా అనుకున్నాను. యేసుప్రభువు కూడా గెత్సేమనే తోటలో వేదన పడ్డాడు, తోడుగా మెలకువగా ఉండమని స్నేహితులను అడిగాడు. వాళ్ళు నిద్రపోయారు. ఆ స్నేహితుల వరసలో నన్ను నేను చూసుకున్నాను.

ఇంకొక సంగతి మన తెలుగువాళ్ళందరికీ సంబంధించినది. మా తాతకు తాత ఒంగోలు వైపు మనిషి. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువు గురించి మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. అప్పుడు ఒంగోలులో క్లౌ దొర అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. ఆ తెలుగు మిషన్‌కు అప్పటికి నలభై ఏళ్ళు. మొదట వచ్చిన శామ్యూల్ డే దొర మన మద్రాసులో కొన్నాళ్ళుండి 1840లో నెల్లూరుకు పోయాడు. ఏళ్ళ తరబడి ఫలితం కనబడక, దీన్ని మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు మళ్ళీ మళ్ళీ చర్చించారు. 1854 జనవరి 1న జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేశారు. అందుకే దానికి ప్రార్థన కొండ అని పేరు. క్లౌ దొర ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో.

కరువు వచ్చినప్పుడు ఆ దొర ప్రార్థన చేసి ఊరుకోలేదు. ఆయనకు సర్వేయరు పని తెలుసు. ప్రభుత్వం కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. బోధకులను పని చూసేవాళ్ళుగా పెట్టాడు. రోజంతా మట్టి మోసినవాళ్ళు విరామంలో వాళ్ళ మాటలు వినేవాళ్ళు. చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. తిండి కోసం చేరారని మాట రాకూడదని కరువు పోయేదాకా ఆయన ఇవ్వలేదు. కూలి ఇచ్చాడు గాని పేరు రాసుకోలేదు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు, ఒకేసారి ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఇచ్చారు.

ఈ లెక్క గొప్ప కోసం చెప్పలేదు. నాకు అందులో నచ్చేది ఆ పార. ఆకలితో చచ్చిపోతామన్న భయంలో ఉన్నవాళ్ళకు దేవుణ్ణి నమ్మడమంటే పొద్దున్నే లేచి పార పట్టుకోవడం. మా తాతకు తాత ఆ కాలువలో తట్ట మోశాడని మా నాన్న చెప్పేవాడు. అదే కాలువ ఇప్పుడు మన ఊళ్ళో ఉంది. బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి పోయే రైలు ఎక్కి కిటికీలోంచి చూడండి, వంతెన స్తంభాల పక్కన నల్లటి నీళ్ళు కనిపిస్తాయి. ముక్కు మూసుకుంటాం. నేనైతే ఇప్పుడు ముక్కు మూసుకునే ముందు ఒకసారి స్తోత్రం చెప్పుకుంటాను. మా వాళ్ళు భయంతో, ఆకలితో, అయినా లేచి పనికి పోయిన జాడ అది.

తమ్ముడూ, మీ ప్రశ్నకు ఇక నా జవాబు. నాకు భయం వేస్తుంది. ఇప్పటికీ చెకప్‌కి పోయే ముందురోజు వేస్తుంది. వేసినప్పుడు నేను చేసేవి మూడు.

ఒకటి, కాగితం తీసి దేనికి భయమో రాస్తాను. గుమాస్తా అలవాటు. 'అబ్బాయికి ఏమవుతుందో' అని ఉన్నంతసేపూ అది కొండంత ఉంటుంది. మత్తు మందు గురించా, డబ్బు గురించా, తర్వాత చదువు ఆగిపోతుందనా, విడివిడిగా రాస్తే సగం వాటికి డాక్టరో, ఇన్సూరెన్సు ఆఫీసో జవాబు చెప్పగలరు. మిగిలిన సగం దేవుడి బల్ల మీదికి పంపించండి. ఆ ఫైలు వెనక్కి లాక్కోకండి. నేను రోజుకు పదిసార్లు లాక్కుంటాను, మళ్ళీ పంపిస్తాను. పరవాలేదు.

రెండు, రేపటి ఫైలు ఇవాళ తెరవకండి. ప్రభువు కొండ మీద చెప్పినదీ అదే, ఏ రోజు కష్టం ఆ రోజుకు చాలు అన్న భావం. ఇవాళ తినాల్సిన అన్నం తినండి, మాత్ర వేసుకోండి, పడుకోండి. దేవుణ్ణి నమ్మాను గనక మందు మానేశాను అనేవాళ్ళ మాట వినకండి. ఏలీయాకు రొట్టె పంపినవాడే డాక్టరుకు చెయ్యి ఇచ్చాడు.

మూడు, ఒక్కరే భయపడకండి. నేను చేసిన పెద్ద తప్పు, భయాన్ని దాచి దానికి దగ్గు అని పేరు పెట్టడం. ఆ రోజు, "నాయనా, నాకు భయంగా ఉంది, గేటు దాకా వస్తాను, దూరంగా నిలబడతాను" అన్నా సరిపోయేది. ఆ అబ్బాయికి దూరంగా నిలబడిన ఒక మనిషి చాలు.

ఇది రాసే ముందు వదినకు చదివి వినిపించాను. "నా గురించి ఎక్కువ రాశావు, జావలో ఉప్పు తక్కువైందని రాయలేదు" అంది. వాళ్ళబ్బాయి దగ్గరికి మాత్రం ఇంకా పోలేదు. వాడిప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఫోన్‌లో చెప్పే మాట కాదిది. పండక్కి వస్తాడట. అప్పుడు చెప్పాలి. దానికీ భయంగానే ఉంది.

ఆపరేషన్ తేదీ మీరు చెప్పారు, క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాను. ఆ ఉదయం ఆరు గంటలకల్లా ఆస్పత్రి వరండాలో ఉంటాను. నాకు చెప్పడానికి పెద్ద మాటలేమీ లేవు. మీ ఇంటి దేవుడికి మీరు మొక్కుకోండి, నా దేవుడికి నేను ప్రార్థన చేస్తాను. ఫ్లాస్కులో కాఫీ మా ఆవిడ ఇస్తానంది. అబ్బాయి బయటికి వచ్చేదాకా మీ పక్క కుర్చీ నాది.